విభక్తి

'వి' యను ఉపసర్గతో కూడిన 'భజ' ధాతువునుండి విభక్తి శబ్దము పుట్టినది. విభజించుట యని అర్థము. భక్తి శబ్దమునకును ధాతువిదియే. పాణిని నామములకు చేరు 21 సుప్పులనే గాక, క్రియలకు చేరు 18 తిఙ్ఙులను కూడ విభక్తులనెను. సంబోధనము ఆయనకు వేఱు విభక్తి కాదు, ప్రథమయే. మన బడిపుస్తకములలోని 'సంబోధన ప్రథమ' యను పేరు అందుకు గుర్తు.

తెలుగువారికి చిక్కు వేఱొకచోట నున్నది. 'రామునికి నమస్కారము' అందుము. ఈ 'కి'ని మన వ్యాకరణము షష్ఠిలో చేర్చినది. దానిని నమ్మి క్రొత్తగా చదువువారు సంస్కృతమున 'రామస్య నమః' అనుట కద్దు. అది తప్పు. 'నమః' శబ్దము చతుర్థినే కోరును, 'రామాయ' అనవలెను.

యజ్ఞమున నిది మఱింత ముఖ్యము. అగ్నికి చెప్పిన మంత్రమును సూర్యునికి మార్చునపుడు 'అగ్నయే' అనుచోట 'సూర్యాయ' అనవలెను; అంత్యము కూడ మాఱినది చూడుడు. ఈ మార్పునకు 'ఊహ' యని పేరు. వ్యాకరణాధ్యయన ప్రయోజనములలో పతంజలి దీనిని రెండవదిగా చెప్పెను.