డెలివరీ ఛార్జీ ఎలా నిర్ణయమవుతుంది? అమ్మేవారికీ కొనేవారికీ ఒక పాఠం

ఆన్‌లైన్ అంగడిలో ఒక సీసా ఆవకాయ ధర 400 రూపాయలని కనిపిస్తుంది. చెల్లింపు దాకా వెళ్ళాక డెలివరీ ఛార్జీ 130 రూపాయలు కలిసి మొత్తం 530 అవుతుంది. మరొక విక్రేత వద్ద అదే పరిమాణం గల సీసా 520 రూపాయలు. అక్కడ “డెలివరీ ఉచితం” అని వ్రాసి ఉంటుంది. ఈ రెండింటిలో ఏది నయం? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే డెలివరీ ఛార్జీ ఎక్కడినుంచి పుడుతుందో తెలిసి ఉండాలి.

ఈ విషయం కొనేవారికి ఎంత అవసరమో అమ్మేవారికి అంతకంటె అవసరం. హోసూరులో, బళ్ళారిలో, బరంపురంలో, షోలాపూర్‌లో, యానాంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఇంటివద్దనే పచ్చళ్ళు, పొడులు, పిండివంటలు, చీరలు అమ్మి ఆదాయం పొందుతున్నవారు ఉన్నారు. సరకు బాగున్నా, గిరాకీ ఉన్నా, నెలాఖరున చేతిలో ఏమీ మిగలలేదని వాపోయే చిన్న విక్రేత లెక్కలు చూస్తే, లోటు తరచుగా రవాణా ఖర్చు దగ్గరే కనబడుతుంది. ఈ పాఠం సారాంశం ఒక్కటే: రవాణా ఖర్చు ఎన్నడూ మాయం కాదు. కొనేవారో అమ్మేవారో దానిని భరించి తీరవలసిందే. ఎవరు, ఎంత భరిస్తున్నారో ముందుగా లెక్కించుకున్నవారే నష్టపోకుండా ఉంటారు.

ఈ పాఠంలో వాడిన కొరియర్ రేట్లు కేవలం లెక్క నేర్చుకోవడానికి ఊహించినవి. మీ కొరియర్ సంస్థ రేట్ల పట్టికను చూసి, వాటి స్థానంలో అసలు అంకెలను వేసుకోవాలి.

1. బరువు రెండు విధాలు

పార్సెల్‌ను త్రాసులో పెడితే వచ్చేది అసలు బరువు. కొరియర్ సంస్థలు దీనితోపాటు పెట్టె ఆక్రమించే చోటును కూడా బరువుగా మార్చి లెక్కిస్తాయి. దీనిని వాల్యూమెట్రిక్ బరువు అంటారు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ గుణించి, వచ్చిన సంఖ్యను సాధారణంగా 5000తో భాగిస్తే కిలోలలో ఆ బరువు వస్తుంది. కొన్ని సంస్థలు వేరే భాజకాన్ని వాడతాయి కనుక ఒప్పందంలో చూసుకోవాలి. రెండు బరువులలో ఏది ఎక్కువైతే దానికే రుసుము పడుతుంది. పైగా దానిని అరకిలో మెట్లలో పై మెట్టుకు సవరిస్తారు.

రెండు ఉదాహరణలు చూద్దాం. మొదటి అరకిలోకు 45 రూపాయలు, తరువాతి ప్రతి అరకిలోకు 35 రూపాయలు, ఆ మొత్తంపై 18 శాతం జి.ఎస్.టి. అని అనుకుందాం.

ఆవకాయ: సీసా, ప్యాకింగ్‌తో కలిపి అసలు బరువు 1.3 కిలోలు. పెట్టె కొలతలు 15 × 15 × 18 సెం.మీ. అంటే 4050, దానిని 5000తో భాగిస్తే 0.81 కిలో. అసలు బరువే ఎక్కువ కనుక 1.5 కిలోల మెట్టు వర్తిస్తుంది. రుసుము 45 + 35 + 35 = 115 రూపాయలు; పన్నుతో కలిపి 135.70 రూపాయలు.

పూతరేకులు: అసలు బరువు 600 గ్రాములు మాత్రమే. నలిగిపోకూడదని పెద్ద పెట్టెలో పెట్టారు. కొలతలు 30 × 25 × 12 సెం.మీ. అంటే 9000, 5000తో భాగిస్తే 1.8 కిలోలు. రెండు కిలోల మెట్టు వర్తిస్తుంది. రుసుము 45 + 105 = 150 రూపాయలు; పన్నుతో 177 రూపాయలు.

ఆవకాయలో సగం బరువైనా లేని పూతరేకులకు ఆవకాయకంటె 41 రూపాయలు ఎక్కువ పడింది. అవే పూతరేకులను గట్టి అట్టతో చేసిన 25 × 20 × 8 సెం.మీ. పెట్టెలో సర్దగలిగితే వాల్యూమెట్రిక్ బరువు 0.8 కిలోకు తగ్గుతుంది. ఒక కిలో మెట్టు సరిపోతుంది; పన్నుతో కలిపి 94.40 రూపాయలే. ఒక్కొక్క పార్సెల్‌కు 82.60 రూపాయల ఆదా. కనుక డెలివరీ ఛార్జీని నిర్ణయించే ముందు చేయవలసిన మొదటి పని సరైన పెట్టెను ఎంచుకోవడం.

2. దూరం, రాష్ట్ర సరిహద్దు

అదే బరువు గల పార్సెల్‌కు దూరాన్నిబట్టి రేటు మారుతుంది. కొరియర్ సంస్థలు పంపే చోటి పిన్‌కోడ్‌ను, చేరే చోటి పిన్‌కోడ్‌ను చూసి స్థానికం, ప్రాంతీయం, జాతీయం వంటి మండలాలుగా విభజిస్తాయి. ఈశాన్య రాష్ట్రాలు, జమ్మూ కశ్మీర్ వంటి చోట్లకు రేటు సాధారణంగా మరింత ఎక్కువ.

ఇక్కడ రాష్ట్ర సరిహద్దు గురించి ఒక పొరపాటు జరుగుతూ ఉంటుంది. కొరియర్ రేటుకు దూరమూ దారీ ముఖ్యం. పన్నుకు రాష్ట్ర సరిహద్దు ముఖ్యం. యానాం ఇందుకు చక్కని ఉదాహరణ. అది పరిపాలనలో పుదుచ్చేరికి చెందినది. అయితే దాని పిన్‌కోడ్ 533464. కాకినాడ, రాజమహేంద్రవరం పిన్‌కోడ్‌లు కూడా 533తోనే మొదలవుతాయి. కాకినాడనుంచి యానాంకు వెళ్ళే పార్సెల్ ప్రయాణం స్వల్పమే. కాని జి.ఎస్.టి. దృష్టిలో అది అంతర్రాష్ట్ర అమ్మకం. బళ్ళారినుంచి అనంతపురానికి, బరంపురంనుంచి ఇచ్ఛాపురానికి పంపినా ఇదే సంగతి.

చిన్న విక్రేతలు దీనిని తప్పక గుర్తుంచుకోవాలి. 2023 అక్టోబర్ 1 నుంచి, టర్నోవర్ పరిమితికి లోబడి, జి.ఎస్.టి. రిజిస్ట్రేషన్ లేని చిన్న విక్రేతలు కూడా ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌ల ద్వారా సరకులు అమ్మవచ్చు. కాని ఆ వెసులుబాటు సొంత రాష్ట్రంలోని అమ్మకాలకే. సరిహద్దు దాటి పుట్టిన ఊరివారికి అమ్మాలంటే సాధారణంగా రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

రిజిస్ట్రేషన్ ఉన్న విక్రేత సరకుతోపాటు డెలివరీ ఛార్జీని కూడా అదే బిల్లులో వసూలు చేస్తే, ఆ ఛార్జీ సరకు విలువలో భాగమవుతుంది. సరకుకు ఏ పన్ను రేటు ఉంటే డెలివరీ ఛార్జీకీ అదే రేటు వర్తిస్తుంది. రిజిస్ట్రేషన్ లేనివారు కొరియర్‌కు కట్టిన పన్నును తిరిగి జమచేసుకోలేరు. అది పూర్తిగా ఖర్చు క్రిందికే వస్తుంది.

3. తిరిగివచ్చిన పార్సెల్

సరకు చేతికి అందాక డబ్బు ఇచ్చే పద్ధతిలో, అంటే క్యాష్ ఆన్ డెలివరీలో, కొనేవారు ఇంట లేకనో, మనసు మారియో పార్సెల్ తీసుకోకపోవడం మామూలే. అప్పుడు వెళ్ళిన ఖర్చు వృథా. వచ్చిన ఖర్చు అదనం.

ఇరవై ఆవకాయ పార్సెళ్ళు పంపితే రెండు తిరిగివచ్చాయనుకుందాం. తిరుగు ప్రయాణానికీ అదే రేటు అనుకుంటే, ఒక్కొక్క దానిపై రెండుసార్లు 135.70 చొప్పున, రెండింటిపై 542.80 రూపాయల నష్టం. దీనిని చేరిన 18 పార్సెళ్ళపై పంచితే ఒక్కొక్క దానికి సుమారు 30 రూపాయలు. ప్యాకింగ్‌కు 25 రూపాయలు వేసుకుంటే, ఒక పార్సెల్ అసలు ఖర్చు 135.70 కాదు, సుమారు 191 రూపాయలు. కొరియర్ రసీదు మీది అంకెనే డెలివరీ ఛార్జీగా పెట్టినవారికి ప్రతి పార్సెల్‌పై 55 రూపాయలు తక్కువ పడుతుంది.

ముందుగా చెల్లించినవారికి కొద్దిపాటి తగ్గింపు ఇవ్వడం, పంపేముందు ఒకసారి ఫోన్ చేసి చిరునామాను నిర్ధారించుకోవడం ఈ నష్టాన్ని తగ్గించే సులభమార్గాలు.

4. ఛార్జీని నిర్ణయించే నాలుగు పద్ధతులు

వాస్తవ ఖర్చు పద్ధతి: కొనేవారి పిన్‌కోడ్‌ను బట్టి అసలు రేటును వసూలు చేయడం. ఇది న్యాయమైనది. దూరపువారికి మాత్రం ఛార్జీ ఎక్కువగా కనిపించి వెనుకాడే అవకాశం ఉంది.

ఒకే ఛార్జీ పద్ధతి: ఎక్కడికైనా ఒకే మొత్తం. దీనిని సగటు మీద నిర్ణయించాలి. స్థానికానికి 90, ప్రాంతీయానికి 136, దూరానికి 190 రూపాయల ఖర్చు అనుకుందాం. పది ఆర్డర్లలో ఐదు స్థానికం, మూడు ప్రాంతీయం, రెండు దూరం అయితే మొత్తం 1238; సగటు సుమారు 124 రూపాయలు. మరుసటి నెలలో స్థానికం రెండుకు తగ్గి, దూరం ఐదుకు పెరిగితే మొత్తం 1538, సగటు 154. పాత ఛార్జీనే కొనసాగిస్తే ప్రతి ఆర్డరుపై 30 రూపాయల నష్టం. కనుక ఈ పద్ధతిని ఎంచుకున్నవారు నెలకొకసారి సగటును సరిచూసుకోవాలి.

ఉచిత డెలివరీ పద్ధతి: రవాణా ఖర్చును సరకు ధరలోనే కలపడం. కొనేవారికి ఇది ఆకర్షణీయం. అయితే పక్కవీధివారు కూడా దూరపువారి రవాణాలో వాటా భరిస్తారు. పాఠం మొదట వేసిన ప్రశ్నకు ఇక్కడే సమాధానం దొరుకుతుంది. ఒక్క సీసా కొంటే 520 రూపాయల “ఉచిత డెలివరీ” పది రూపాయలు చవక. రెండు సీసాలు కొంటే, మొదటి విక్రేత ఆర్డరుకు ఒకేసారి 130 వసూలు చేసేవాడైతే, అక్కడ 930, ఇక్కడ 1040. ఇప్పుడు “ఉచితం” అన్నదే 110 రూపాయలు ప్రియం.

పరిమితి దాటితే ఉచితం అనే పద్ధతి: ఫలానా మొత్తానికి మించి కొంటే ఛార్జీ లేదనడం. ఇది అన్ని సరకులకూ తగదు. సీసా ఒక్కింటికి 120 రూపాయల లాభం అనుకుందాం. మూడు సీసాలకు లాభం 360. వాటి బరువు 3.9 కిలోలు, నాలుగు కిలోల మెట్టుకు రుసుము 290, పన్నుతో 342.20 రూపాయలు. మిగిలేది 17.80, అది ప్యాకింగ్‌కు కూడా చాలదు. బరువుతో సమానంగా ధర పెరిగే పచ్చళ్ళకు ఈ పద్ధతి పనికిరాదు. తక్కువ బరువులో ఎక్కువ ధర పలికే పట్టుచీరలవంటి వాటికి బాగా అమరుతుంది.

5. మార్కెట్‌ప్లేస్ ద్వారా అమ్మేటప్పుడు

పెద్ద మార్కెట్‌ప్లేస్‌లలో కొనేవారు చెల్లించే డెలివరీ ఛార్జీ వేరు, విక్రేత ఖాతానుంచి కోతపడే రవాణా రుసుము వేరు. కొనేవారికి “ఉచితం” అని కనిపించినా విక్రేత చెల్లింపులో కోత ఉండవచ్చు. కమీషన్ కేవలం సరకు ధరపైనా, డెలివరీ ఛార్జీతో కలిపిన మొత్తంపైనా అన్నది కూడా చూడాలి. సరకు ధర నామమాత్రంగా పెట్టి, డెలివరీ ఛార్జీలో లాభం దాచుకునే విక్రేతలు ఒకప్పుడు ఉండేవారు. అమెరికాలో ఈబే సంస్థ 2011లో డెలివరీ ఛార్జీపై కూడా కమీషన్ తీసుకోవడం ప్రారంభించడంతో అక్కడ ఆ మార్గం లాభసాటి కాకుండా పోయింది.

మార్కెట్‌ప్లేస్ లేదా కొరియర్ గిడ్డంగిలో పార్సెల్‌ను మళ్ళీ కొలిచి, బరువు ఎక్కువని అదనపు కోత వేయడం ఉంది. పంపేముందు పెట్టెను త్రాసుపై ఉంచి, ప్రక్కన కొలత టేపు కనబడేటట్లు ఫోటో తీసి భద్రపరచాలి. గడువులోగా అభ్యంతరం తెలుపడానికి అదే ఆధారం.

6. కొనేవారి హక్కులు

2020 జూలైలో అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం మొత్తం ధరను ఒకే అంకెగా చూపాలి. డెలివరీ, ప్యాకింగ్ ఛార్జీలు, పన్ను వంటివాటిని విడివిడిగా కూడా చూపాలి. సరకు తిప్పి పంపితే రవాణా ఖర్చు ఎవరిదో స్పష్టంగా తెలియజేయాలి. 2023 నవంబరు 30న వెలువడిన డార్క్ ప్యాటర్న్‌ల మార్గదర్శకాలు, మొదట తక్కువ ధర చూపి చివరిదశలో ఛార్జీలు చేర్చడాన్నీ, అడగని వస్తువులను బుట్టలో వేయడాన్నీ నిషేధించాయి.

ఫిర్యాదు ఉంటే మొదట మార్కెట్‌ప్లేస్ ఫిర్యాదుల అధికారికి వ్రాయండి. 48 గంటలలో ఫిర్యాదు అందినట్లు తెలిపి, నెలరోజులలో పరిష్కరించవలసిన బాధ్యత వారిది. అక్కడ న్యాయం జరగకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోన్ చేయవచ్చు. తెలుగులో కూడా మాట్లాడవచ్చు. ఆ తరువాత వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. విక్రేత ఏ రాష్ట్రంలో ఉన్నా, 2019 చట్టం ప్రకారం మీరు నివసించే లేదా ఉపాధి చేసుకునే జిల్లాలోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలలోపు అయితే దాఖలు రుసుము లేదు. ఇందుకోసం సొంత ఊరికిగాని, విక్రేత ఊరికిగాని వెళ్ళనక్కరలేదు. బిల్లునూ, చెల్లింపు పుట ఫోటోనూ దాచి ఉంచుకోవాలి.

అభ్యాసం

1. పెట్టె కొలతలు 40 × 30 × 10 సెం.మీ.; అసలు బరువు 1.6 కిలోలు. పై రేట్ల ప్రకారం కొరియర్ రుసుము ఎంత?

2. ముప్పై పార్సెళ్ళలో మూడు తిరిగివచ్చాయి. ఒకవైపు ఖర్చు 90 రూపాయలు. చేరిన ఒక్కొక్క పార్సెల్‌పై ఎంత అదనంగా వేసుకోవాలి?

3. మీరు ఇటీవల ఆన్‌లైన్‌లో కొన్న ఒక వస్తువు బిల్లును తీసి, సరకు ధర, డెలివరీ ఛార్జీ, పన్ను విడివిడిగా చూపారో లేదో పరిశీలించండి.

సమాధానాలు: 1) వాల్యూమెట్రిక్ బరువు 2.4 కిలోలు, 2.5 కిలోల మెట్టు. రుసుము 185, పన్నుతో 218.30 రూపాయలు. 2) మొత్తం నష్టం 540 రూపాయలు, 27 పార్సెళ్ళపై పంచితే ఒక్కొక్క దానికి 20 రూపాయలు.