కథ రాయాలి, ఇల్లూ నడవాలి

డిగ్రీ చివరి ఏడాది చదివే అమ్మాయో అబ్బాయో ‘నేను రచయితనవుతా’ అనగానే ఇంట్లో వినిపించే మాట ఒకటే: ‘కథలు కూడు పెడతాయా?’ చాలామందికి పెట్టవు. ఆ సంగతి రాసేవాళ్లకూ తెలుసు. అందుకే ఎక్కువమంది ఏదో ఒక ఉద్యోగం చూసుకుంటారు. అసలు చిక్కు మరికొన్నేళ్లకు ఎదురవుతుంది. ఉద్యోగం కుదిరింది, పెళ్లయింది, పాప పుట్టింది. ఇక రాయడానికి గంట ఎక్కడి నుంచి తేవాలి? ఆ గంటసేపు పాపను ఎవరు చూస్తారు?

పాత పత్రికలు తిరగేస్తే ఇరవైల వయసులో మంచి కథలు రాసి, ముప్ఫై దాటాక మళ్లీ కనిపించని పేర్లు ఎన్నో తగులుతాయి. కథ, నవల తన దారి అనుకునేవాళ్లు ఉద్యోగం ఎంపికకు ఎంత ఆలోచిస్తారో, ఇంట్లో పనుల పంపకానికీ అంత ఆలోచించాలి.

జీతం ఒకచోట, రచన ఒకచోట

తెలుగు పెద్ద రచయితల్లో చాలామందికి ఇల్లు గడిచింది వేరే పని మీదే. రావిశాస్త్రి విశాఖపట్నంలో వకీలు. ‘యజ్ఞం’ రాసిన కాళీపట్నం రామారావు అదే ఊళ్లో హైస్కూలు ఉపాధ్యాయుడు. సాహిత్య లోకానికి ఆయన చివరిదాకా ‘కారా మాస్టారే’. డాక్టర్ కేశవరెడ్డి నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్టు రోగులకు వైద్యం చేస్తూనే నవలలు రాశారు. పి. సత్యవతి విజయవాడలో ఇంగ్లిష్ లెక్చరర్‌గా పనిచేశారు. చిత్తూరు జిల్లాలో బడిపంతులుగా పనిచేసిన మధురాంతకం రాజారాం తన కథలకు 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. ఆయన కుమారుడు నరేంద్ర కూడా అధ్యాపక వృత్తిలోనే పనిచేసి, 2022లో ‘మనోధర్మపరాగం’ నవలకు అదే పురస్కారం తెచ్చుకున్నారు.

కేవలం కలం మీద బతికిన కాలమూ ఒకటుంది. పత్రికల్లో సీరియళ్ల కోసం పాఠకులు ఎదురుచూసిన రోజులవి. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ సీరియల్‌గా వచ్చి, పుస్తకంగా అమ్ముడై, 1976లో సినిమా అయింది. చార్టర్డ్ అకౌంటెంట్ అయిన యండమూరి వీరేంద్రనాథ్ బ్యాంకు ఉద్యోగం వదిలి పూర్తిగా రచనలోకి వచ్చారు. ఆ మార్కెట్ ఇప్పుడు లేదు. కరోనా రోజుల్లో నవ్య వారపత్రిక ఆగింది, చతుర, విపుల మాసపత్రికలూ మూతపడ్డాయి.

లెక్క వేసి చూస్తే విషయం తేలిపోతుంది. 200 రూపాయల నవల, వెయ్యి కాపీలు, పది శాతం రాయల్టీ అనుకుందాం. అన్నీ అమ్ముడైనా రచయిత చేతికి వచ్చేది 20 వేలు. అవి అమ్ముడవడానికి రెండేళ్లు పట్టిందంటే నెలకు వెయ్యి రూపాయలు కూడా పడదు. పైగా చాలామంది తెలుగు రచయితలు అచ్చు ఖర్చు సొంతంగానే పెట్టుకుంటారు. పిల్లల ఫీజు కట్టాల్సిన జూన్ నెలలో ఆ డబ్బు ప్రెస్‌కు వెళ్లిందంటే ఇంట్లో గొడవ ఖాయం. పుస్తకం డబ్బు కోసం వేరే ఖాతా పెట్టుకుని, పారితోషికాలు, బహుమతులు అందులోనే వేసి, అందులోంచే ఖర్చు పెట్టే పద్ధతి మొదటి కథ నుంచే అలవాటు చేసుకోవడం మంచిది.

ఏ ఉద్యోగం రాయనిస్తుంది?

జీతం ఒక్కటే చూస్తే సరిపోదు. ఆ ఉద్యోగం సాయంత్రం ఎన్నింటికి మనిషిని వదులుతుంది, వదిలాక బుర్రలో ఏం మిగులుతుంది అన్నవి కూడా చూడాలి. పైన చెప్పిన పేర్లలో ఉపాధ్యాయులు, అధ్యాపకులు అంతమంది ఉండటం యాదృచ్ఛికం కాకపోవచ్చు. సెలవులు ముందే తెలుస్తాయి, పిల్లల సెలవులతో కలుస్తాయి. కోర్టు, ఆస్పత్రి వంటి చోట్ల పని బరువెక్కువే. అయినా అక్కడ దొరికే మనుషులు ఇంకెక్కడా దొరకరు. రావిశాస్త్రి రాసిన కథల్లో సగం లోకం కోర్టు వరండాల్లోంచి వచ్చిందే.

రాయడమే ఉద్యోగంగా ఉన్నచోట చిక్కు వేరు. డెస్క్ జర్నలిజం, ప్రకటనల సంస్థలు, కంటెంట్ రైటింగ్‌లో భాష మీద పట్టు వస్తుంది, గడువుకు రాసే అలవాటూ అబ్బుతుంది. కానీ పగలంతా వాక్యాలు దిద్దినవాళ్లకు రాత్రి సొంత వాక్యం రాయబుద్ధి కాదు. సినిమా, ఓటీటీ రచనలో డబ్బు ఎక్కువ. అయితే ‘స్టోరీ సిట్టింగ్స్’ ఎప్పుడు మొదలవుతాయో, ఎప్పుడు ముగుస్తాయో చెప్పలేరు. బడి నుంచి పిల్లల్ని తీసుకురావాల్సిన వంతు తమదే అయితే ఆ పని ఒప్పుకునే ముందే వేళల గురించి మాట్లాడుకోవాలి. పాకెట్ ఎఫ్‌ఎం వంటి ఆడియో వేదికలు, ప్రతిలిపి వంటి యాప్‌లు ఇంట్లో కూర్చుని సంపాదించే వీలు కల్పిస్తున్నాయి. అక్కడ నడిచేవి ఎపిసోడ్లు. పిల్లాడికి జ్వరం వచ్చిన వారంలోనూ ఎపిసోడ్ వెళ్లాలి. పది, పదిహేను భాగాలు ముందే రాసిపెట్టుకున్నాకే మొదటిది విడుదల చేస్తే ఊపిరి ఆడుతుంది.

ప్రభుత్వోద్యోగం ఆశించేవారికి ఒక సందేహం ఉంటుంది, కథలు రాయనిస్తారా అని. కేంద్ర ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారం విధులకు అడ్డు రానంతవరకు అప్పుడప్పుడు చేసే సాహిత్య, కళా సంబంధమైన పనికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. రాష్ట్ర ఉద్యోగులు తమ శాఖ నియమాలు చూసుకుని, పుస్తకం వేసే ముందు పైఅధికారికి రాతపూర్వకంగా తెలియజేస్తే తర్వాత తలనొప్పి ఉండదు.

289 నిమిషాలు, 88 నిమిషాలు

2024లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు జీతం లేని ఆ పనికే పెడుతున్నారు. ఇంటిపని చేసే మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. తేడా మూడు గంటల పైమాటే. ఒక నవల రాయడానికి ఆ మూడు గంటలు చాలు. మగవాళ్లకు ఆ సమయం మిగిలింది గనుకే ఎందరో మగ రచయితల పుస్తకాలు పూర్తయ్యాయి. ఆ ఇళ్లలో అన్నం వండినవాళ్ల పేర్లు ముందుమాట చివర్లో ఒక్క వాక్యంలో కనిపిస్తాయి, లేదా అదీ ఉండదు. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లు అలుకుతూ అలుకుతూ ఒక గృహిణి తన పేరే మరిచిపోతుంది. తెలుగులో ఆ కథకు అంత పేరు రావడానికి కారణం పాఠకుల ఇళ్లలోనే ఉంది.

అమెరికన్ రచయిత్రి టోనీ మోరిసన్ అనుభవం ఉద్యోగం చేసే తల్లులకు ఉపయోగపడుతుంది. విడాకుల తర్వాత ఇద్దరు కొడుకుల్ని పెంచుతూ రాండమ్ హౌస్‌లో ఎడిటర్‌గా పనిచేశారు. పిల్లలు లేచి ‘అమ్మా’ అనేలోపు, తెల్లవారకముందే రాసుకునేవారు. ఒకసారి రాస్తున్న కాగితం మీదే పిల్లవాడు కక్కితే ఆ మరక చుట్టూ రాసుకుంటూ పోయానని ఆమె చెప్పారు. మరకను తర్వాతైనా తుడవచ్చు, ఆ వాక్యం మళ్లీ దొరకదన్నది ఆమె లెక్క. మొదటి నవల 1970లో వచ్చేసరికి ఆమెకు 39 ఏళ్లు. 1993లో నోబెల్ వచ్చింది.

మన పొరుగునే, కర్ణాటకలోని హాసన్‌లో ఉండే బాను ముష్తాక్ వకీలు, తల్లి, కన్నడ కథకురాలు. మూడు దశాబ్దాల పైచిలుకు కాలంలో ఆమె రాసిన కథల్లోంచి ఎంచి ఇంగ్లిష్‌లోకి తెచ్చిన ‘హార్ట్ ల్యాంప్’ 2025లో అంతర్జాతీయ బుకర్ గెలిచింది. ఆ సంపుటంలో ఉన్నవి పన్నెండు కథలు.

ఇలాంటివారిని చూసి ‘తెల్లవారుజామున లేస్తే చాలు’ అనుకుంటే బోల్తాపడతారు. రాత్రి మూడుసార్లు పాలు పట్టిన తల్లికి నాలుగింటికి లేవమని చెప్పేది సలహా కాదు. 2017 సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల ప్రసూతి సెలవు చట్టంలో ఉంది. ఆ సెలవులో నవల పూర్తి చేద్దామని ప్లాన్ వేసుకోవడమూ అలాంటి పొరపాటే. ఆ ఆరు నెలలు నోట్సు రాసుకోవడం, చదువుకోవడం జరిగితే గొప్ప.

దంపతులు కూర్చుని తేల్చుకోవాల్సినవి మూడే. వారంలో రచయిత గంటలు ఏవి, ఆ గంటల్లో పిల్లల బాధ్యత పూర్తిగా ఎవరిది, బదులుగా అవతలి మనిషికి దక్కే గంటలు ఏవి. ‘పూర్తిగా’ అన్నచోటే చాలా ఏర్పాట్లు తప్పుతాయి. గది తలుపు వేసుకున్నా ‘డైపర్లు ఎక్కడ?’, ‘గ్యాస్ ఎప్పుడు బుక్ చేశాం?’ అని అడుగుతూ ఉంటే ఆ గంట గంట కాదు. అత్తగారో అమ్మో ఇంట్లో ఉంటే వాళ్లకూ ఈ సంగతి ముందే చెప్పాలి. లేకపోతే ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న కోడలు ఖాళీగా ఉన్నట్టే వాళ్లకు కనిపిస్తుంది.

పిల్లల వయసును బట్టి రచన

పాలు తాగే పిల్లలున్నప్పుడు నవల మొదలుపెడితే, వారం విరామం తర్వాత పాత్రల చుట్టరికాలే గుర్తురావు. అప్పటికి కథ, గల్పిక, అనువాదం నయం. అనువాదంలో ఎక్కడ ఆపారో అక్కడే దొరుకుతుంది. పిల్లలు బడికి వెళ్లాక పెద్ద పని పట్టుకోవచ్చు. ఆపేటప్పుడు వాక్యాన్ని సగంలో వదిలి, తర్వాత రావాల్సిన సంగతి రెండు ముక్కల్లో కింద రాసిపెడితే మర్నాడు అందుకోవడం సులువు. సిటీ బస్సులో, మెట్రోలో ఫోన్‌కు చెప్పి టైప్ చేయించుకునేవారూ ఉన్నారు. ఉత్తరాంధ్ర, తెలంగాణ మాటల్ని ఫోన్ తరచూ పుస్తక భాషలోకి మార్చేస్తుంది కాబట్టి సంభాషణల్ని ఇంటికొచ్చి ఒకసారి దిద్దుకోక తప్పదు.

సంతకం చేసే ముందు

ఇల్లు చూసుకుంటూ ఏడాదికి ఒక్క పుస్తకం కూడా కష్టమయ్యేవారికి రాసినదాని హక్కులే ఆస్తి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బతికున్నంత కాలం హక్కు రచయితకు, ఆ తర్వాత మరో 60 ఏళ్లు కుటుంబానికి ఉంటుంది. హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లుగా లెక్కిస్తారు. అచ్చు, ఆడియో, సినిమా, అనువాదం వేర్వేరు హక్కులు. ‘సర్వహక్కులు’ అనే మాట ఒప్పందంలో కనిపిస్తే ఆగి అడగాలి. ఈ హక్కుల విలువకు ఒక ఉదాహరణ చూడండి. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి కడప జిల్లాలో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. ఆయన ‘కొండపొలం’ 2019లో ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) నవలల పోటీలో బహుమతి పొంది, 2021లో క్రిష్ దర్శకత్వంలో సినిమాగా వచ్చింది. ఒకే నవల పోటీకి, పుస్తకానికి, తెరకు మూడు చోట్లా పనికొచ్చింది.

వయసు హద్దులు

దరఖాస్తు చేసుకునేవారు చూసుకోవాల్సిన పరిమితులు కొన్ని ఉన్నాయి. నేషనల్ బుక్ ట్రస్ట్ నడిపే పీఎం-యువ పథకానికి 30 ఏళ్లు దాటకూడదు. ఎంపికైతే ఆరు నెలలపాటు నెలకు 50 వేల రూపాయలు ఇస్తారు. సాహిత్య అకాడమీ యువ పురస్కారానికి 35 ఏళ్లు హద్దు, బహుమతి 50 వేలు. తెలుగులో 2020లో మానస ఎండ్లూరి ‘మిళింద’ కథలకు, 2024లో రమేశ్ కార్తీక్ నాయక్ ‘ఢావ్లో’కు అది దక్కింది. పెళ్లి, పిల్లలు వచ్చేది సరిగ్గా ఈ వయసులోనే. ఇరవైల్లో ఉన్నవారు ఆ లోపే మొదటి పుస్తకానికి పూనుకుంటే ఈ అవకాశాలకు పోటీపడవచ్చు. అది కుదరని వారికి లక్ష రూపాయల అకాడమీ ప్రధాన పురస్కారం ఉంది. దానికి గరిష్ఠ వయసు పరిమితి లేదు. అనంతపురం ఉపాధ్యాయుడు బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ తానా పోటీలో నెగ్గి, 2019లో ఆ పురస్కారం అందుకునేనాటికి ఆయన బడి ఉద్యోగం నుంచి రిటైరయ్యారు.