దోర అరటికాయల వేపుడు

వేసవి గాలివానలకు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో బావుల క్రింది అరటిచెట్లు గెలలతో కూలుట రైతులకు క్రొత్త గాదు. అట్టి గెలలను బేరగాండ్రు మిక్కిలి చౌకగా నడుగుదురు. బొంత అరటి యైనచో గెల యంతయు నీయక, ముదిరిన కాయలున్న అత్తములు రెండు ఇంటికి నిలుపుకొనుడని మేము చెప్పుదుము.

వానిని వరిగడ్డిలో కప్పి యుంచినచో దోరపండును. కాయలోని పిండి చక్కెరగా మారుటచే తీపి వచ్చును. ఆ చక్కెరయే పెనముపై త్వరగా మాడును. కావున మంట సన్నముగా నుండవలెను. బాణలి నిండ నూనె యక్కరలేదు. రొట్టెలు కాల్చిన పెనముపై 4 కాయలకు 2 చెంచాల పల్లినూనె చాలును. తోలు దీసి, వ్రేలి మందమున చక్రములుగా కోసి పరచి, క్రిందివైపు ఎర్రబడినపిదప ఒక్కమారే త్రిప్పవలెను. మాటిమాటికి కలియబెట్టినచో ముద్ద యగును. ఉప్పు, కారము దింపిన తరువాతనే చల్లవలెను. ముందుగా వేసిన కారము మాడి ఇంటిల్లిపాదిని దగ్గించును.

జొన్నరొట్టెతోను, పప్పన్నముతోను నంజుకొనుటకు బాగుండును. మిగుల పండి మెత్తబడినవి దీనికి పనికిరావు. వానిని పిల్లల కిచ్చుట మేలు.