పెద్ద వంటశాలలో తొలి మెట్టు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో గల్ఫు దేశములకు మనిషిని పంపని గ్రామము అరుదు. మరమగ్గముల పని మందగించినపుడు సిరిసిల్లవారు, వర్షములు మొగము చాటువేసినపుడు జగిత్యాల రైతుబిడ్డలు పాస్‌పోర్టు మాట తలపెట్టుట దశాబ్దములుగా జరుగుచున్నది. అట్లు పోయినవారిలో కొందరు హోటళ్లలోను, కార్మికుల శిబిరములకు భోజనము పంపు వంటశాలలలోను పనికి కుదిరిరి. ఆ పనిని వృత్తిగా చేపట్టదలచిన యువకులకు, యువతులకు కొన్ని సంగతులు తెలుపుటకు ఇచట ప్రయత్నించుచున్నాము.

పెద్ద వంటశాలలో తొలి ఉద్యోగము పేరు ‘కామీ’. ఇది ఫ్రెంచి మాట, సహాయకుడని భావము. కామీలలో 3, 2, 1 అని తరగతులు కలవు. 3వ తరగతివాడు అందరికంటె క్రిందివాడు. వానిపైన డెమి షెఫ్, ఒక్కొక్క విభాగమును చూచు షెఫ్ ద పార్టీ, ఆపైన సూ షెఫ్, అందరికిని పైన ఎగ్జిక్యూటివ్ షెఫ్ ఉందురు. ఈ వరుసను ఏర్పరచినవాడు ఆగస్ట్ ఎస్కోఫియే (1846–1935) అను ఫ్రెంచి పాకశాస్త్రజ్ఞుడు. అతడు సైన్యములో వంటవాడుగా పనిచేసినవాడు. సిపాయిల క్రమశిక్షణను వంటయింటికి తెచ్చెను. పైవాడు ఆజ్ఞ చెప్పగానే క్రిందివాడు బిగ్గరగా బదులు పలుకవలెననుట నేటికిని పెక్కు వంటశాలలలో నియమమే.

మన యూళ్లలో వేయిమందికి బగారా అన్నము వండు మాస్టర్లకు కొదువ లేదు. ఎసరు పొంగు తీరును చూచియే ఉప్పు చాలునో చాలదో వారు చెప్పగలరు. ఇది చిన్న విద్య కాదు. కాని హోటలు వంటశాల మరియొకటి కోరును: నేటి వంట నిన్నటి వంటవలెనే ఉండవలెను, రేపు వేరొకడు వండినను అట్లే ఉండవలెను. అందుచేత అక్కడ చేతి అంచనాకు బదులు తూకము, గడియారము, ఉష్ణమాపకము రాజ్యమేలును.

కామీకి మొదట ఇచ్చునది గరిటె కాదు, కత్తి. మన యిండ్లలో కత్తిపీటముందు కూర్చుండి తరుగుట అలవాటు. అక్కడ గంటలకొలది నిలువబడి, పలకపై పొడవైన కత్తితో తరుగవలెను. ఎడమచేతి వ్రేళ్ల కొనలను లోనికి ముడిచి, కణుపులను కత్తి ప్రక్కకు ఆనించినచో వ్రేలు తెగదు. ఉల్లిగడ్డ, క్యారెట్ ఇవి ఇంటిలోనే సాధన చేయదగినవి. తరిగినది కూరలో పడును గనుక నష్టము లేదు. ముక్కలన్నియు ఒకే కొలత నుండవలెను, లేనిచో కొన్ని ఉడికి కొన్ని పచ్చిగా నిలుచును. పెక్కు వంటశాలలలో పలకలకు రంగులు కలవు: పచ్చిమాంసమునకు ఎరుపు, చేపకు నీలము, కూరగాయలకు ఆకుపచ్చ. కోడిమాంసము కోసిన పలకపై సలాడు తరిగినవాడు ఒక్కపూటలో నూరుమందిని ఆసుపత్రికి పంపగలడు.

ఉష్ణము విషయములో మరికొంత చెప్పవలెను. 5 డిగ్రీల సెంటిగ్రేడునుండి 60 డిగ్రీలవరకు గల వేడిలో సూక్ష్మక్రిములు త్వరగా పెరుగును. వేడి పదార్థమును 60కి పైన, చల్లని పదార్థమును 5కు దిగువన ఉంచవలెను. వండిన పప్పును పెద్ద గుండిగలోనే విడిచినచో నడుమ భాగము గంటలతరబడి గోరువెచ్చగా నుండును, చెడునది అక్కడనే. కావున లోతు తక్కువ పళ్లెములలో పరచి, రెండు గంటలలో 21 డిగ్రీలకు, తరువాత నాలుగు గంటలలో 5 డిగ్రీలకు దింపుదురు. డబ్బాపై తేదీ వ్రాసి, ముందు వచ్చిన సరుకును ముందు వాడుదురు. ఈ పద్ధతులు తెలిసినవాడు మొదటి వారములోనే షెఫ్ కంటబడును.

నేర్చుకొనుటకు మార్గములు కలవు. పదవ తరగతి ఉత్తీర్ణులు పారిశ్రామిక శిక్షణాలయములలో ఒక సంవత్సరపు ఆహారోత్పత్తి శాఖను ఎన్నుకొనవచ్చును. ఈ విద్యలకు కేంద్రప్రభుత్వపు హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ యొకటి హైదరాబాదు విద్యానగరమున కలదు. ఏ శాఖలో ఈ యేడు ప్రవేశము కలదో ముందుగా విచారింపవలెను. 1961 నాటి అప్రెంటిసుల చట్టము క్రింద భృతితో పని నేర్పు హోటళ్లును కలవు. వంట ఆడువారికి సహజమని అందరును అందురు గాని, పెద్ద వంటశాలలలో కత్తి పట్టినవారిలో ఆడువారు తక్కువ. బీడీలు చుట్టుచున్న మన యింటి ఆడుబిడ్డలకు ఈ ద్వారము మూయబడలేదు.

ఇక అప్పు మాట. లక్ష రూపాయలను నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవాడు రెండేండ్లలో వడ్డీయే 48,000 రూపాయలు కట్టవలెను. పని రానివాడు తక్కువ జీతమునకు పోవును గనుక ఆ అప్పు మరింత కాలము వెంటాడును. ఒక సంవత్సరము ఇచట నేర్చి, మరియొక సంవత్సరము కరీంనగరులోనో హైదరాబాదులోనో పనిచేసి పోవుట ఆలస్యమని తోచవచ్చును. లెక్క వేసినచో ఆలస్యము కాదు.

1983 నాటి వలసల చట్టము ప్రకారము లైసెన్సు గల ఏజెంటు మాత్రమే మనుషులను పంపవలెను. అతడు తీసికొనదగిన సేవారుసుము 30,000 రూపాయలకు, దానిపై పన్నుకు మించరాదు. రాష్ట్రప్రభుత్వపు సంస్థయగు టామ్‌కామ్ కూడ విదేశీ ఉద్యోగములకు మనుషులను ఎంపిక చేయుచున్నది. పది పాసు కానివారికి గల్ఫు దేశములకు ఉద్యోగమునకై పోవుటకు వలస అనుమతి అవసరము. వారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన కూడ తప్పనిసరి. దాని ప్రీమియము రెండేండ్లకు 275 రూపాయలు. ప్రమాదమరణమునకు పరిహారము పది లక్షలు. సందర్శకుల వీసాపై పనికి పోవుట ఎంతమాత్రము తగదు.

ఒప్పందపత్రములో పని పేరును శ్రద్ధతో చదువుకొనవలెను. ‘కామీ’ అని యున్నచో వంటపని. ‘కిచెన్ స్టీవార్డ్’ అని యున్నచో పాత్రలు తోముట, నేల కడుగుట. అది అవమానము కాదు. ఆ పనినుండి కత్తిపలకకు చేరినవారును ఉందురు. కాని వంటవానిగా పోవుచున్నానని నమ్మి అప్పుచేసిన ఇంటికి ఈ భేదము ముందే తెలియవలెను. మూలవేతనము, భోజనవసతులు, పనిగంటలు, సెలవు, తిరుగు టిక్కెట్టు ఇవియన్నియు ఆ పత్రములో ఉన్నవో లేవో చూచి, ఒక ప్రతిని తల్లిదండ్రులవద్ద ఉంచి మరీ బయలుదేరవలెను.