మొరిగితే ఏటీ నేదు

పోలీసు డాగ్ స్క్వాడ్‌లో ఇరవై ఎనిమిదేళ్ళు చేసి రిటైరయ్యాను. ఆ తర్వాత పదేళ్ళుగా విశాఖలో సీతమ్మధార, ఎంవీపీ కాలనీ, మధురవాడ, ఉక్కునగరం తిరుగుతూ ఇళ్ళలో కుక్కలకు మర్యాద నేర్పుతున్నాను. స్క్వాడ్‌లో నేర్చుకున్నది ఒక ఎత్తు, పొద్దున్నే చేపల కోసం ఫిషింగ్ హార్బర్‌కు వెళ్ళి నేర్చుకున్నది ఒక ఎత్తు. ఈ పనిలోకి కొత్తగా దిగిన కుర్రాళ్ళు ఇద్దరు "మాస్టారూ, మీకు తెలిసింది రాసివ్వండి" అని వెంటపడితే రాస్తున్నాను. వరస నా ఇష్టం.

1. కూలి ఎవరిస్తున్నారో ముందు చూడండి.

హార్బర్‌లో చీకటితోనే వేలంపాట మొదలవుతుంది. టబ్బుల్లో కోనెం, చందువ, పారలు. కాళ్ళ కింద ఐసు నీళ్ళు. అక్కడ కత్తిపీట ముందేసుకుని చేపలు కోసే ఒక ముసలమ్మ దగ్గర ఒక ఎర్రకుక్క ఉండేది. ఆమెకు బారెడు దూరంలో ముందుకాళ్ళు దగ్గరకు చేర్చుకుని కూచునేది. పక్కనే మూతలేని టబ్బు, అయినా ముట్టేది కాదు. కోనెం తల చీలుతుంటే చెవులు రెండూ కత్తివైపే నిలబడేవి, చొంగ తీగలా సాగేది, మనిషి మాత్రం కదలదు. (మనిషి అనే రాశాను, ఉండనివ్వండి.) కోత అయ్యాక ఆమె మొప్ప విసిరితే గాల్లోనే అందుకునేది.

ఈ మాత్రం కుదురు రావడానికి మాకు స్క్వాడ్‌లో నెలలు పట్టేది. "ఎవరు నేర్పారమ్మా దీనికి?" అని అడిగాను.

"నేర్పడమేటి బావూ? కూకుంటే మొప్ప. మొరిగితే ఏటీ నేదు. టబ్బు కాడికొత్తే మొకం మీద ఐసు నీల్లు."

నేను పుస్తకాల్లో చదివింది ఆమె మూడు ముక్కల్లో చెప్పేసింది. ఆ వారమే ఎంవీపీ కాలనీలో ఒక లాబ్రడార్‌ను చూడ్డానికి వెళ్ళాను. వచ్చినవాళ్ళందరి మీదకీ ఎగబడుతుందని ఫిర్యాదు. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే ఎగిరి నా భుజాల మీద కాళ్ళు వేసింది. ఇంట్లో నలుగురూ ఒక్కసారిగా దాని పేరు పెట్టి అరిచారు, రెండు చేతులతో తోశారు. దానికి కావలసింది అదే. రోజంతా మూల పడుకున్నప్పుడు పలకరించని ఇల్లు, ఎగిరితే మాత్రం చుట్టూ మూగుతోంది. అరుపు కూడా కూలే. ఎగిరినప్పుడు వీపు తిప్పి నిలబడండి, నాలుగు కాళ్ళూ నేలమీద ఉన్నప్పుడే పలకరించండి అన్నాను. మూడు వారాలు పట్టింది, అందులో రెండు వారాలు ఆ ఇంటివాళ్ళను మార్చడానికే.

2. మానేముందు ఇంకా రెచ్చిపోతుంది.

రోజూ అప్పిచ్చే కొట్టువాడు ఒకరోజు లేదంటే మనం ఊరుకుంటామా? గొంతు పెంచుతాం. కుక్కా అంతే. భోజనాల బల్ల దగ్గర ముక్క వేయడం మానేస్తే నాలుగు రోజులు ఇల్లు ఎగరగొట్టేలా మొరుగుతుంది. అయిదో రోజున తాతగారు జాలిపడి ఒక్క ముక్క జారవిడిస్తే చాలు, అయిదు రోజులు మొరగాలన్నమాట అని నేర్చుకుంటుంది. నా దగ్గర పాడైన కేసుల్లో సగం ఇలాంటి తాతగార్ల చలవే. నేనూ తాతనే, నాకు తెలుసు.

3. ఒక పనికి ఒకే మాట.

ఉక్కునగరంలో ఒక ఇంట్లో తండ్రి "సిట్" అంటాడు, నాయనమ్మ "కూకో" అంటుంది, పిల్లాడు "డౌన్ డౌన్" అంటాడు. కుక్క ముగ్గురి మొహాలూ చూసి చెవి గోక్కుంది. నాయనమ్మ మాటే ఖాయం చేశాం, అన్నం పెట్టేది ఆవిడే కాబట్టి.

4. గుర్రుమంటే కొట్టకండి.

గుర్రు అంటే "దూరంగా ఉండు" అని అది చెప్పగలిగిన మర్యాదైన మాట. కొట్టి కొట్టి ఆ మాట మాన్పిస్తే, తర్వాత చెప్పకుండానే కరుస్తుంది. గిన్నె దగ్గర గుర్రుమనే కుక్క దగ్గర గిన్నె లాక్కోవద్దు. దూరం నుంచి ఇంకా మంచి ముక్క విసురుతూ, రోజుకో అడుగు దగ్గరకు వెళ్ళండి. ఇప్పటికే పళ్ళు దిగిన కుక్క అయితే మీరే ప్రయోగాలు చేయకుండా తెలిసినవాళ్ళను పిలవండి.

5. "వదిలేయ్" అన్న మాట ప్రాణం కాపాడుతుంది.

హార్బర్ దగ్గర కుక్కను తిప్పేవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. ఎర ఉన్న గాలాలు నేలమీద పడి ఉంటాయి, కుక్కకు కనపడేది ఎర ఒక్కటే. నోట్లోది వదిలితే అంతకన్నా మంచిది దొరుకుతుందని ఇంట్లో బొమ్మతో, రొట్టెముక్కతో నేర్పండి. గాలం మింగితే బయట కనపడే దారాన్ని లాగకండి, లోపల చీల్చేస్తుంది. దారం అలాగే ఉంచి పశువైద్యుడి దగ్గరకు పరుగెత్తండి.

6. భయాన్ని ఈడ్చుకెళ్తే పోదు.

2023 నవంబరు 19 రాత్రి హార్బర్‌లో మంటలు లేచి ముప్పైకి పైగా బోట్లు కాలిపోయాయి. సిలిండర్లు పేలిన మోత చాలా దూరం వినిపించింది. మనుషుల నష్టం ముందు కుక్కల మాట ఎత్తడానికే మొహమాటం. అయినా నేను చూసింది చెప్పాలి. ఆ ఎర్రకుక్క తర్వాత జెట్టీ మీదకు రాలేదు. ఇంజను దగ్గితే చాలు, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని గేటు వైపు పరుగు. ముసలమ్మ దాన్ని లాక్కురాలేదు. మొప్పలు గేటు దగ్గరే వేసింది, మర్నాడు పది అడుగులు ఇటు, ఆపైన మరో పది. సంక్రాంతి నాటికి మళ్ళీ కత్తిపీట ముందు కూచుంది.

రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్‌కు 1904లో నోబెల్ వచ్చింది కుక్కల జీర్ణక్రియ మీద చేసిన పనికి. చప్పుడుకూ తిండికీ ముడిపెట్టవచ్చన్న సంగతి ఆ దారిలో బయటపడిందే. ముసలమ్మ చేసిందీ ఆ ముడే. దీపావళి టపాసులకు వణికే కుక్కకు కూడా ఇదే మందు. నెలల ముందు నుంచే ఫోన్లో చిన్నగా మోత వినిపిస్తూ తిండి పెట్టండి, మెల్లగా శబ్దం పెంచండి. పిల్లకుక్కలకైతే మూడు నెలల లోపు చూసినదీ విన్నదీ బతుకంతా నిలుస్తుంది. టీకాలు పూర్తి కాలేదని ఇంట్లోనే దాచకుండా, చంకనెత్తుకుని వీధి చూపించండి.

7. ఆకలిని పొగరు అనుకోకండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మరబోట్లు కట్టేసి ఉంటాయి, వేలం పలచబడుతుంది, మొప్పలు తగ్గుతాయి. ఎప్పుడూ తగవులాడని కుక్కలు ఆ రెండు నెలలు కొట్టుకోవడం నేను చూశాను. ఎక్కడైనా దూరంగా వదిలేసి రమ్మని నన్నే అడిగినవాళ్ళున్నారు. 2023 నిబంధనల ప్రకారం కుక్కలకు సంతాన నిరోధక ఆపరేషన్, టీకా చేయించి పట్టిన చోటే వదలాలి. ఎర్రకుక్క చెవికున్న గాటు ఆ ఆపరేషన్ గుర్తే.

8. కరిస్తే ముందు సబ్బు, తర్వాత తగాదా.

కుళాయి కింద పావుగంట సబ్బుతో కడగండి. పసుపు, సున్నం, కారం వద్దు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి, వాళ్ళు చెప్పిన తేదీలన్నిటికీ సూదులు వేయించుకోండి. రక్తం వచ్చిన గాటైతే ఇమ్యూనోగ్లోబ్యులిన్ కూడా కావాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. మీ కుక్కకు మూడో నెలలో మొదటి టీకా వేయించి, తర్వాత ఏటేటా డాక్టరు చెప్పిన ప్రకారం వేయించండి.

9. నా షరతు.

"నెల రోజులు మీ దగ్గర ఉంచుకుని తయారుచేసి పంపండి" అని అడుగుతుంటారు. తయారుచేసి పంపవచ్చు, వారంలో పాత కూలి దొరకగానే పాత కుక్క తిరిగొస్తుంది. అందుకే మొదటిరోజు కుక్కతోపాటు దానికి అన్నం పెట్టే మనిషి కూడా కూర్చోవాలి. కుక్కను కట్టేసి పనివాడి చేతికి తాడిచ్చి వెళ్ళిపోయే ఇళ్ళలో నేను ఫీజు తీసుకోను.