భారరహిత స్థితిలో ద్రవబిందువు

తామరాకుపై నీటిబొట్టు ముత్యంలా మెరుస్తుంది. అయితే బొట్టు పెద్దదైనకొద్దీ తన బరువుకు తానే అణగిపోతుంది. ఒకే ఘనపరిమాణం గల ఆకృతులన్నింటిలో గోళానికే ఉపరితల వైశాల్యం అత్యల్పం. కనుక తలతన్యత ద్రవాన్ని ఆ రూపానికే లాగుతుంది. భారరహిత స్థితిలో ఈ సత్యం నిరాటంకంగా గోచరిస్తుంది.

మరి, తిరుగుతున్న బిందువు ఏ రూపం దాలుస్తుంది? 19వ శతాబ్దిలో బెల్జియం శాస్త్రజ్ఞుడు జోసెఫ్ ప్లాటో నూనెబిందువును సమాన సాంద్రత గల ఆల్కహాలు, నీటి మిశ్రమంలో నిలిపి, తిప్పి పరిశీలించారు. 1965లో సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ దాని స్థిరత్వాన్ని గణితరీత్యా విశ్లేషించారు. ఆ సిద్ధాంతాన్ని పరీక్షించడానికి భౌతికశాస్త్రవేత్త టేలర్ వాంగ్ 1985 ఏప్రిల్ 29న ఛాలెంజర్ వ్యోమనౌకలో పయనించారు. ధ్వనితరంగాలతో బిందువును గాలిలో నిలిపే ఆయన పరికరం తీరా అక్కడ పనిచేయలేదు. ఏళ్ల తరబడి చేసిన కృషి వ్యర్థమయ్యే ఘడియ అది. వాంగ్ పట్టు వీడలేదు. అనుమతి సాధించి, స్వయంగా దానిని బాగుచేశారు. అప్పుడు బిందువు తిరుగుతూ చదునై, వేగం హెచ్చగా రెండు కొసలూ ఉబ్బిన డంబెల్ ఆకృతికి సాగింది.

ఒక్క బిందువు కోసం ఇంత దీక్షా అనిపించవచ్చు. సత్యాన్వేషికి అల్పమైన వస్తువంటూ లేదు.