ఆడకుక్క గర్భసంచిలో చీము: పాతబస్తీ పెంపకందార్ల ప్రశ్నలు

ఎదకొచ్చి నెల దాటిన ఆడకుక్క తిండి మానేసి గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగుతుంటే, వేడి చేసిందిలే అనుకుంటాం. అది పయోమెట్రా, అంటే గర్భసంచిలో చీము పట్టడం, కావచ్చు.

ఎప్పుడు పరుగెత్తాలి?
సాధారణంగా ఎద ముగిసిన రెండు నుంచి ఎనిమిది వారాల్లో ఇది బయటపడుతుంది. దాహం, పదేపదే మూత్రం, వాంతులు, నీరసం ఉంటే ఆ రోజే చూపించండి. చీము కారితే వాసనకైనా తెలుస్తుంది. గర్భసంచి మూతి మూసుకుపోతే ఏమీ కారదు, పొట్ట ఉబ్బుతుంది. అదే మరింత ప్రమాదం.

మెడికల్ షాపు మాత్రలు వేసి చూడొచ్చా?
వద్దు. చాలా యాంటీబయాటిక్స్ షెడ్యూల్ హెచ్ మందులు, చీటీ లేకుండా అమ్మకూడదు. పైగా మాత్రలతో చీము ఖాళీ కాదు. సెలైన్, ఇంజెక్షన్లతో కుక్క కాస్త తేరుకున్నాక గర్భసంచి, అండాశయాలు తీసేయడమే ప్రధాన చికిత్స. ఈ ఆపరేషన్ రిజిస్టర్డ్ పశువైద్యుడే చేయాలి. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం చెప్పేది అదే.

అడ్వాన్స్ కట్టందే చేర్చుకోమంటే?
ప్రమాద బాధితులకు వెంటనే వైద్యం అందించాలని 1989లో సుప్రీంకోర్టు చెప్పింది మనుషుల విషయంలో. దాని మీద ఆశ పెట్టుకోకండి. నారాయణగూడ ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉన్నాయి. బయల్దేరే ముందు ఫోన్ చేసి, ఆ వేళలో సర్జన్ ఉన్నారో లేదో కనుక్కోండి.

చూపించకుండా వదిలేస్తే నేరమా?
సాకేవారు జంతువుకు అనవసర బాధ కలగకుండా చూడాలని 1960 జంతు హింస నివారణ చట్టం మూడో సెక్షన్ అంటుంది. జబ్బుపడ్డ సొంత కుక్కను తగిన కారణం లేకుండా వీధిలో చావనిస్తే పదకొండో సెక్షన్ కింద నేరమే. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలే!

ఆపరేషన్ వికటిస్తే?
డబ్బు చెల్లించిన వైద్యమైతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. చెల్లించింది 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు. బిల్లులు, రిపోర్టులు, కేస్ షీటు నకలు అడిగి తీసుకోండి. వైద్యుడి ప్రవర్తన మీద ఫిర్యాదైతే రాష్ట్ర పశువైద్య మండలికి.

గల్లీ కుక్కకు వస్తే?
జీహెచ్‌ఎంసీ నంబరు 040-21111111కు చెప్పండి. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కల ఆపరేషన్ల బాధ్యత స్థానిక సంస్థదే. చెవి కొస కత్తిరించి ఉంటే ఆపరేషన్ అయినట్టు. గర్భసంచి, అండాశయాలు పూర్తిగా తీసేసిన కుక్కకు ఈ జబ్బు రాదు.

మరి ఇంటి కుక్కకు?
అవే నిబంధనలు పెంపుడు కుక్కకు టీకాలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించే బాధ్యతను యజమాని మీద పెట్టాయి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేయిస్తే చిన్న ఆపరేషన్, చీము పట్టాక ప్రాణాపాయం. ఆపరేషన్ అయ్యేదాకా ప్రతి ఎద తేదీనీ క్యాలెండర్‌లో రాసిపెట్టండి. ఆసుపత్రిలో డాక్టరు తప్పక అడిగేది అదే.